గెలీలియో పేరు, ఫ్లోరెన్స్ పనితనం: తేలే గాజు బుడగల థర్మామీటర్

క్రిస్మస్ దగ్గరపడుతుంటే అమెరికా, ఐరోపా నగరాల కానుకల దుకాణాల్లో ఒక వస్తువు ముందు వరసలోకి వస్తుంది. నిలువుగా నిలిపిన గాజు గొట్టం, అందులో తేటనీరులా కనిపించే ద్రవం, ఆ ద్రవంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గాజు బుడగలు. ఒక్కో బుడగ కింద చిన్న లోహపు బిళ్ల, దాని మీద ఒక అంకె. గది వెచ్చబడుతున్నకొద్దీ బుడగలు ఒకదాని తర్వాత ఒకటి అడుక్కి దిగుతాయి. చల్లబడితే వచ్చిన దారినే పైకి పోతాయి. పెట్టె మీద మాత్రం ఎప్పుడూ ఒకటే పేరు: గెలీలియో థర్మామీటర్.

కొలిచే సాధనంగా చూస్తే దీనికి మార్కులు తక్కువే. మామూలు నమూనాలో అంకెకూ అంకెకూ మధ్య 2 సెల్సియస్ డిగ్రీల ఎడం ఉంటుంది. గదిలో జరిగిన మార్పును చాలాసేపటికి గానీ చెప్పదు. 18 నుంచి 26 డిగ్రీల దాకా ఉన్న ఇరుకైన మేర దాటితే ఏమీ చెప్పలేదు. జ్వరం చూసుకునే చౌకరకం డిజిటల్ పరికరం కూడా ఇంతకన్నా ఎన్నో రెట్లు నయం. అయినా మూడున్నర శతాబ్దాల కిందట ప్రయోగశాలలో నిలవలేకపోయిన ఈ పరికరం ఇప్పుడు కానుకల బల్లల మీద దర్జాగా నిలబడింది. అక్కడ ఓడిపోవడానికీ ఇక్కడ గెలవడానికీ కారణాలు వేరువేరు అనుకుంటాం గానీ, దగ్గరగా చూస్తే రెండూ ఒకటే.

ముందు లోపల జరిగేదేమిటో చూడాలి. ద్రవంలో మునిగిన వస్తువు తాను తొలగించిన ద్రవం బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుందన్న ఆర్కిమెడిస్ సూత్రం పాఠశాలలో అందరూ చదివినదే. ద్రవం వెచ్చబడితే వ్యాకోచిస్తుంది, అంటే దాని సాంద్రత తగ్గుతుంది. బుడగ గాజు కూడా వ్యాకోచిస్తుంది గానీ, ద్రవంతో పోలిస్తే అది నూటికి ఒకటి నుంచి మూడు వంతుల లోపే. కాబట్టి బుడగ ఘనపరిమాణం మారలేదనే అనుకోవచ్చు. బుడగ బరువూ మారదు. చుట్టూ ఉన్న ద్రవం పలచబడితే పైకి నెట్టే బలం తగ్గుతుంది, బుడగ మునుగుతుంది. 18 అంకె ఉన్న బుడగ అన్నిటికన్నా సాంద్రమైనది, అందుకే ముందుగా అదే దిగుతుంది. 26 అంకె బుడగ అన్నిటికన్నా తేలిక, చివరిదాకా పైనే ఉంటుంది.

చదివే పద్ధతి ఇందులోంచే వస్తుంది. పైన తేలుతున్న గుంపులో అట్టడుగు బుడగ అంకె ఒకటి, కింద మునిగిన గుంపులో అన్నిటికన్నా పైనున్న బుడగ అంకె ఇంకొకటి; గది ఉష్ణోగ్రత ఆ రెండింటి మధ్య ఉంటుంది. ఒక బుడగ ఎటూ పోకుండా నడిమధ్య ఆగితే దాని అంకే ఉష్ణోగ్రత. ఇలా ఆగడం వెనక కూడా ఒక చిన్న సంగతి ఉంది. గొట్టంలో ద్రవమంతా సరిగ్గా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే బుడగ పైకో కిందికో పూర్తిగా పోవాలి. అసలు గదుల్లో అలా ఉండదు. గొట్టం పైభాగంలో ద్రవం కాస్త వెచ్చగా, పలచగా ఉంటుంది. అడుగున కాస్త చల్లగా, చిక్కగా ఉంటుంది. ఆ పొరల మధ్య తన సాంద్రతకు సరిపోయే చోటు దొరికిన బుడగ అక్కడే నిలిచిపోతుంది. చూసేవారు ముచ్చటపడే ఆ మధ్యస్థ స్థితి, కొలత శాస్త్రం దృష్టిలో ద్రవం సమంగా వేడెక్కలేదన్న ఫిర్యాదు.

ఇందులో పనితనమంతా బరువు సరిచేయడంలో ఉంది. ఒక లెక్క వేసి చూడవచ్చు. రెండున్నర సెంటీమీటర్లకు కాస్త పైన వ్యాసం ఉన్న బుడగ ఘనపరిమాణం సుమారు 10 మిల్లీలీటర్లు. ఈ గొట్టాల్లో పోసే పారఫిన్ తరహా నూనెల సాంద్రత మిల్లీలీటరుకు దాదాపు 0.8 గ్రాములు, కాబట్టి నిలకడగా తేలాలంటే బుడగ బరువు 8 గ్రాముల దగ్గర ఉండాలి. ఇలాంటి ద్రవాలు డిగ్రీకి సుమారు వెయ్యో వంతు వ్యాకోచిస్తాయి. అంటే 2 డిగ్రీల తేడా ఉన్న రెండు బుడగల మధ్య బరువు తేడా 16 మిల్లీగ్రాములు, ఒక బియ్యపు గింజంత కూడా లేదు. నోటితో ఊదిన గాజులో రెండు బుడగలు అచ్చంగా ఒకేలా రావు. కాబట్టి ప్రతి బుడగనూ విడిగా, తెలిసిన ఉష్ణోగ్రతలో ఉంచి, ఇంత సూక్ష్మంగా తూకం సరిచేయాలి. కింద వేలాడే బిళ్ల అంకె చూపే అలంకారం అనిపిస్తుంది గానీ, అది ఈ తూకంలో భాగం. ఏ కుదుపుకో బిళ్ల ఊడిపోయిన బుడగ ఇక ఏ కాలంలోనూ మునగదు. అంకె లేకుండా పైన తేలుతూ కనిపించే బుడగల కథ సాధారణంగా అదే.

రంగుల సంగతి వేరు. బుడగ లోపలి రంగునీళ్లకు ఉష్ణోగ్రతతో సంబంధమే లేదు. లోపలి ద్రవం వ్యాకోచించినా బుడగ మూసి ఉన్న గాజు పాత్ర, బయటి కొలత మారదు. ఆ ద్రవం చేసే పని రెండు: కొంత బరువు ఇవ్వడం, కంటికి ఇంపుగా ఉండడం. రంగు తీసేసి సీసపు గుళ్లు వేసినా పరికరం ఇలాగే పనిచేస్తుంది. అప్పుడు ఎవరూ కొనరు, అంతే.

గొట్టంలో మంచినీళ్లు ఎందుకు పోయరన్న ప్రశ్న సహజం. 20 డిగ్రీల దగ్గర నీటి వ్యాకోచం డిగ్రీకి పదివేలలో రెండు వంతులు మాత్రమే. పైన చూసిన 16 మిల్లీగ్రాములు కాస్తా 4 మిల్లీగ్రాములకు పడిపోతుంది, అంత సున్నితంగా తూకం కుదర్చడం కానుక ధరలో అయ్యే పని కాదు. పైగా 4 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత గరిష్ఠమై, ఇంకా చల్లబరిస్తే తగ్గుతుంది. బుడగలు ఎదురుదారి పడతాయి. చలిదేశాల్లో రవాణాలో గడ్డకట్టి గొట్టం పగలడం మరో భయం. ఆల్కహాల్ గానీ నూనె గానీ వాడడానికి ఇవీ కారణాలు.

ఇక పేరు సంగతి. గెలీలియో చేతుల్లో ఈ గొట్టం ఎప్పుడూ లేదు. ఆయన చేసి చూపినది వేరే పరికరం. ఆయన శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి 1638లో రాసిన ఉత్తరంలో సుమారు 35 ఏళ్ల కిందట తాను చూసిన ప్రయోగాన్ని వర్ణించాడు. కోడిగుడ్డంత గాజు బుడ్డి, దానికి గడ్డిపోచలా సన్నని పొడవాటి మెడ. బుడ్డిని అరచేతులతో వెచ్చచేసి, మెడను నీళ్లున్న పాత్రలో తలకిందులుగా ముంచితే, లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి నీరు మెడలోకి ఎక్కింది. ఇది గాలి వ్యాకోచంతో నడిచే పరికరం, ఒక కొస తెరిచి ఉంటుంది. అందులోనే దాని లోపమూ ఉంది: వాతావరణ పీడనం మారినా నీటి మట్టం మారుతుంది. వేడి వల్ల మారిందో, గాలి ఒత్తిడి వల్ల మారిందో చెప్పలేం.

అలాగని పెట్టె మీది పేరు పచ్చి అబద్ధమూ కాదు. 1638లో లైడెన్‌లో అచ్చయిన తన చివరి గొప్ప గ్రంథంలో గెలీలియో ఒక మైనపు ఉండ గురించి చెప్పాడు. నీటిలో దాదాపు నిలకడగా ఉండేలా దాని బరువు కుదిర్చాక, ఆరు పౌన్ల నీటిలో నాలుగు చుక్కల వెచ్చని నీరు కలిపితే ఉండ మునుగుతుందని, నాలుగు చుక్కల చల్లని నీరు కలిపితే తేలుతుందని రాశాడు. ఆయన అక్కడ ఉష్ణోగ్రత కొలవాలనుకోలేదు. నీరు వస్తువులను పట్టి ఉంచుతుందన్న వాదాన్ని తిప్పికొట్టడానికే ఈ ఉదాహరణ తెచ్చాడు. అయినా వేడికి ద్రవం పలచబడి తేలే వస్తువు మునగడమన్న మూలసూత్రం ఆ నాలుగు చుక్కల్లో పూర్తిగా ఉంది. అమ్మకందారులు ఈ వాక్యాలు చదివి పేరు పెట్టారనుకోవడం కష్టం. ఇటలీ శాస్త్రం అనగానే కొనేవారికి తట్టే పేరు అదొక్కటే కావడం చాలు.

గాజు బుడగల థర్మామీటర్ నిజంగా పుట్టిన చోటు ఫ్లోరెన్స్‌లో టస్కనీని ఏలిన మెడిచీ వంశపు కొలువు. గెలీలియో 1642 జనవరిలో కన్నుమూశాడు. టస్కనీ పాలకుడు రెండవ ఫెర్డినాండోకు, ఆయన తమ్ముడు లియోపోల్డోకు ప్రయోగాల పిచ్చి. ఇద్దరి ప్రాపకంలో 1657లో అకాడెమియా దెల్ చిమెంతో అనే పరిశోధక బృందం మొదలై పదేళ్లు నడిచింది. గాలికి బదులు ద్రాక్షసారా నుంచి తీసిన ఆల్కహాల్ వాడడం, గొట్టం కొసను కరిగించి మూసేయడం వీరి పరికరాల్లో అసలైన ముందడుగు. కొస మూసేస్తే వాతావరణ పీడనంతో పేచీ తీరిపోతుంది. సన్నని కాడకు గుండ్రని బుడ్డి ఉన్న థర్మామీటర్లు, వందల విభాగాలతో పాములా చుట్టలు తిరిగిన థర్మామీటర్లు, వాటితో పాటు తేలే బుడగలవీ అక్కడ తయారయ్యాయి. ఇవన్నీ ఊదిన వారిలో అంటోనియో అలామాన్ని అనే పనివాడు పేరుమోసినవాడు, అతనికి 'ఊదేవాడు' అన్న అర్థం వచ్చే ముద్దుపేరు కూడా ఉండేది. శాస్త్ర చరిత్రలో దొరల పేర్లు నిలిచినంతగా ఇలాంటి చేతుల పేర్లు నిలవవు, ఇతనిది నిలిచింది.

ఈ కుటుంబంలో అన్నిటికన్నా వింత నమూనా ఫ్లోరెన్స్‌లోని గెలీలియో మ్యూజియంలో ఉంది. అది గాజు కప్ప. కప్ప పొట్టలో ఆల్కహాల్, అందులో వేర్వేరు సాంద్రతల చిట్టి గాజు గుళ్లు. దాన్ని తల పైకి ఉండేలా రోగి మణికట్టుకో చేతికో కట్టేవారు. ఒంటి వేడికి ద్రవం వెచ్చబడితే గుళ్లు కదిలేవి, దాన్ని బట్టి జ్వరాన్ని అంచనా వేసేవారు. కానుకగా ఇప్పుడెవరైనా ఆ కప్పను తిరిగి చేస్తే నిలువు గొట్టం కన్నా బాగా అమ్ముడవుతుందేమో.

అకాడెమీ సభ్యులు 1667లో తమ ప్రయోగాలను గ్రంథంగా అచ్చువేసినప్పుడు బుడగల థర్మామీటర్‌ను మందకొడిదిగా, సోమరిదిగానే పేర్కొన్నారు. వారికి కావలసింది త్వరగా, సన్నని తేడాలతో చదవగల పరికరం. ఆ పందెంలో సన్నని కాడల థర్మామీటర్లే గెలిచాయి. మెడిచీలు ఫ్లోరెన్స్, వల్లొంబ్రోసా మొదలుకొని పారిస్, వార్సా దాకా పలుచోట్ల వాతావరణాన్ని నమోదు చేయించడానికి పంపినవీ ఆ కాడల పరికరాలే. 1714 ప్రాంతంలో ఫారెన్‌హీట్ చేసిన పాదరసపు థర్మామీటర్లు వచ్చాక బుడగల నమూనాకు శాస్త్రంలో చోటే లేకుండా పోయింది.

బుడగలు మాత్రం మరో వేషంలో బతికాయి. ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, ద్రవాన్ని మారిస్తే అవే బుడగలు ద్రవం సాంద్రతను చెబుతాయి. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ విల్సన్ 1757లో సారా గాఢత తేల్చడానికి ఇలాంటి గాజు పూసల వరసను ప్రవేశపెట్టాడు. 1805లో ఎడిన్‌బరోకు చెందిన ఇసబెల్లా లోవి అనే మహిళ తన పూసలకు పేటెంటు కూడా పొందింది. మన పాల కేంద్రాల్లో కనిపించే లాక్టోమీటర్ ఇదే సూత్రానికి దూరపు చుట్టం. సారా పన్ను లెక్కకు పూసలు పనికొచ్చాయి, ఎందుకంటే అక్కడ ద్రవాన్ని మార్చుకుంటూ పరీక్షిస్తారు. వేడెక్కేదాకా గంటసేపు కూర్చోనక్కర లేదు.

ఆ గంట నిరీక్షణ దగ్గరికే మళ్లీ రావాలి. అర లీటరు నూనె, దాని చుట్టూ మందపాటి గాజు ఉన్న గొట్టం గది గాలితో సమానంగా వెచ్చబడడానికి చాలాసేపు పడుతుంది. సన్నని కాడలో ద్రవం వెంటనే పాకుతుంది, అంకె చదివి కన్ను పక్కకు తిప్పుకుంటాం. ఇక్కడ మార్పు కంటికి తెలియకుండా జరుగుతుంది. పొద్దున పైనున్న నీలం బుడగ మధ్యాహ్నానికి అడుగున ఉంటుంది, మధ్యలో ఎప్పుడో తూగుతూ కనిపిస్తుంది. 2 డిగ్రీల ఎడం కొలతకు మోటు, చూపుకు అదే హాయి: ఐదు బుడగలు చాలు, గొట్టం కిక్కిరిసిపోదు. ఒక డిగ్రీకి ఒకటి చొప్పున వేస్తే గొట్టం పొడవు పెరగాలి, తూకం రెట్టింపు కచ్చితంగా ఉండాలి, చూడడానికి గందరగోళంగా ఉంటుంది. ప్రయోగశాల కాదన్న ప్రతి గుణాన్నీ ఇంటి బల్ల ఇలా ఏరుకుంది. 20వ శతాబ్దం చివర్లో మ్యూజియం దుకాణాలు, కానుకల జాబితాలు దీన్ని తిరిగి పైకి తెచ్చినప్పుడు పాత డిజైన్‌లో మార్చవలసింది పెద్దగా ఏమీ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

పండగ అలంకారంగా ఇది కుదిరిపోవడానికి మరో బాట జర్మనీలోని తురింగియా అడవుల గుండా వెళ్తుంది. అక్కడి లౌషా ఊరిలో 1597లో గాజు కార్ఖానా వెలిసింది. దీపపు మంట ముందు గాజు గొట్టాన్ని కరిగించి ఊదడం ఆ ప్రాంతపు ఇంటింటి వృత్తి అయింది. 19వ శతాబ్దం మధ్య నాటికి అక్కడి పనివాళ్లు క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు గుండ్లు ఊదుతున్నారు. 1880 తర్వాత అమెరికా వ్యాపారి వూల్‌వర్త్ వాటిని తన దుకాణాల్లో పెట్టి లక్షల ఇళ్లకు చేర్చాడు. అదే తురింగియాలో థర్మామీటర్లూ తయారయ్యేవి. గెరాబెర్గ్‌లో ఇప్పటికీ జర్మన్ థర్మామీటర్ మ్యూజియం ఉంది. పాత గాజుతో చేసిన థర్మామీటర్ల సున్నా గుర్తు కాలంతో జరిగిపోయే చిక్కును 1880ల్లో గాజు రసాయనవేత్త ఒట్టో షాట్ కొత్త రకం గాజుతో సరిచేసింది కూడా ఆ రాష్ట్రంలోని యేనా నగరంలోనే. చెట్టుకు వేలాడే గాజు గుండునూ జ్వరం చూసే గాజు కాడనూ ఊదిన ఊపిరి ఒకే ప్రాంతానిది. బుడగల థర్మామీటర్ ఈ రెండు వృత్తుల కూడలిలో ఉన్న సరుకు. ఇప్పుడు చౌక ధరలో దొరికే వాటిలో చాలావరకు చైనా నుంచి వస్తున్నాయి.

కొమ్మకు తగిలించేటంత చిట్టి థర్మామీటర్లూ అమ్మకానికి ఉంటాయి. వీటి విషయంలో కాస్త అనుమానంగా ఉండడమే మంచిది. బుడగ ఒక మిల్లీలీటరుకు తగ్గితే 2 డిగ్రీల తేడా 1.6 మిల్లీగ్రాములకు దిగుతుంది. చౌకగా చేసే వస్తువులో అంత కచ్చితత్వం ఆశించడం అత్యాశ. పైగా చిన్న గొట్టంలో బుడగలు గోడలకు, ఒకదానికొకటి అంటుకుని కదలకుండా ఉండిపోతాయి. త్వరగా వెచ్చబడడం దాని ఒక్క సుగుణం. మిణుకుమనే దీపాల పక్కన వేలాడదీస్తే అది చెప్పేది గది వేడిని కాదు, దీపం వేడిని. ఇదే పెట్టెలో జతగా వచ్చే 'తుపాను గాజు' ఇంకా ఘరానా సరుకు. కర్పూరం, నవాసారం, సురేకారం, ఆల్కహాల్, నీరు కలిపి మూసేసిన సీసా అది. బ్రిటిష్ నావికాధికారి ఫిట్జ్‌రాయ్ 19వ శతాబ్దంలో దానికి పేరు తెచ్చాడు. మూసి ఉన్న సీసాకు రాబోయే తుపాను తెలిసే దారి లేదు. లోపలి స్ఫటికాలు ఉష్ణోగ్రతకే పెరుగుతాయి, కరుగుతాయి. దాని పక్కన బుడగల గొట్టం సత్యహరిశ్చంద్రుడు.

తెలుగు ఇళ్ల షోకేసుల్లోకి ఇది చేరినప్పుడు అసలు చిక్కు వాతావరణంతో. 18 నుంచి 26 డిగ్రీలంటే చలిదేశంలో హీటరు పెట్టిన గది. అమెరికా నమూనాలైతే అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి, 64 నుంచి 80 దాకా. మేర దాదాపు అదే. విజయవాడలోనో రామగుండంలోనో ఫిబ్రవరి దాటాక బుడగలన్నీ అడుగున పడి, వానాకాలం గడిచినా లేవవు. పాడైపోయిందని పారేసినవారూ ఉంటారు. అది పాడవలేదు, ఉన్న అంకెలన్నిటికన్నా గది వేడిగా ఉందని నిజమే చెబుతోంది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలల్లో కొంత కదలిక ఉంటుంది. అరకులో మరికాస్త. ఏడాదంతా పనిచేయాలంటే ఏసీ గదే గతి. 2020 నుంచి దేశంలో అమ్మే గది ఏసీలకు 24 డిగ్రీల ముందస్తు అమరిక తప్పనిసరి అయింది. ఆ గదిలో 18, 20, 22 బుడగలు అడుగున, 26 పైన, 24 మధ్యలో తూగుతుంటే ఏసీ చెప్పిన మాట నిలబెట్టుకుంటోందని అర్థం.

వేసవి ఎండ కదలికను ఆపడంతో ఊరుకోదు. అర లీటరు నూనె డిగ్రీకి సుమారు అర మిల్లీలీటరు వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు చేరితే 12 మిల్లీలీటర్లకు పైనే. మూసిన గొట్టంలో ఆ పెరుగుదలకు చోటిచ్చేది పైనున్న చిన్న గాలి ఖాళీ మాత్రమే. అది నిండిపోతే గాజు పగలక తప్పదు. అందుకే కిటికీ ఎండలో, ఆపి ఉంచిన కారులో, పొయ్యి ఉన్న గట్టు మీద దీన్ని పెట్టకూడదు. ద్రవం మండే రకం కాబట్టి దీపాలకూ అగరొత్తులకూ దూరంగా ఉంచాలి. విమాన ప్రయాణంలో మండే ద్రవాలకు ఆంక్షలుంటాయి, సూట్‌కేసులో దుస్తుల మధ్య చుట్టి తేవాలనుకునేవారు ముందే విమానయాన సంస్థను అడగడం మేలు.

పసిపిల్లలున్న ఇంటికి కానుకగా ఇచ్చేటప్పుడు మరింత ఆలోచించాలి. పగిలిన గొట్టంలోని పలచని నూనెను పిల్లలు నోట్లో పెట్టుకుంటే అది కడుపులో చేసే హాని కన్నా ఊపిరితిత్తుల్లోకి జారితే చేసే హాని ఎక్కువ. కిరోసిన్ తాగినప్పటి జాగ్రత్తే ఇక్కడా వర్తిస్తుంది: వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేల మీద ఒలికిన నూనెను పాత గుడ్డలతో అద్ది, గది కిటికీలు తెరిచి, గాజు ముక్కలు ఏరాకే సబ్బునీళ్లతో కడగాలి. పాలిష్ చేసిన చెక్క మీద మరక పడితే అది పోవడం కష్టం కాబట్టి, షోకేసులో గొట్టం కింద ఒక పింగాణీ పళ్లెం ఉంచడం నష్టం లేని పని.